దాహం అడిగిన మేస్టారు

తల ఎత్తి అడిగిన ప్రశ్నకు వాదనతోనూ, తల దించుకుని అడిగిన ప్రశ్నకు ఎవరికో జరిగిన సంగతితోనూ జవాబు చెప్పడం కూర్మనాథం గారి అలవాటు. శ్రీకాకుళంలో, నాగావళి ఒడ్డున ఉన్న ఆయన ఇంటి వసారాలో గురువారం సాయంత్రాలు కూర్చునే మా చిన్న గుంపుకంతా ఆ అలవాటు తెలుసు. వాదించాలని వచ్చినవాళ్ళు నాలుగు శాస్త్ర విషయాలు తెలుసుకుని వెళ్ళేవారు. తల దించుకుని వచ్చినవాళ్ళు మాత్రం ఆ సంగతిలోని మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆ మనిషి చాలాకాలం వాళ్ళ ఇంట్లోనే మసులుతూ ఉండేవాడు.

ఆ రోజు తల దించుకున్నది హైమవతి. ఆమె పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, సీతంపేట కొండల దిగువన గిరిజన బాలికల హాస్టలు ఒకటి ఉంటే అక్కడికి వెళ్ళి ఇంగ్లీషు చెప్పి వస్తుంది. ఆమెను వెళ్ళమన్నవాళ్ళు లేరు. వెళ్ళినందుకు జీతమూ లేదు. మాలో చాలామందికి ఆమె అంటే గౌరవం, కొంచెం అసూయ కూడా. అందుకని ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతుంటే అందరం చెవులు రిక్కించాం.

“మొన్న మా ఆఫీసులో ఒకావిడ, ‘అంత దూరం పోతావు, నీకేమొస్తుంది?’ అని అడిగింది గురువుగారూ. ఏమీ రాదని చెప్పబోయాను. అది అబద్ధమవుతుందనిపించింది. వారమంతా నేను ఆదివారం కోసమే చూస్తుంటాను. నేను బస్సు దిగేసరికి ఆ పిల్లలు గేటు దగ్గరికి వచ్చేసి ఉంటారు. వాళ్ళతో కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. సేవలో సంతోషం వెతుక్కోకూడదని పెద్దలంటారు కదా. నేను సేవ పేరు చెప్పుకుని నా సరదా తీర్చుకుంటున్నానేమో అనిపిస్తోంది. ఇకనుంచి వెళ్ళినా, కాస్త బిగపట్టుకుని ఉండాలేమో.”

కూర్మనాథం గారు, “పరాంకుశం అని నాకు బాగా కావలసినవాడు ఒకడున్నాడు. అతను బిగపట్టుకున్నాడు. ఏమైందో చెబుతాను విను,” అని మొదలుపెట్టారు. ఆయన చెప్పినది చెప్పినట్టు నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

పరాంకుశం బ్యాంకులో ఆఫీసరు. బొబ్బిలి వైపు ఒక చిన్న పట్టణానికి బదిలీ మీద వెళ్ళాడు. అప్పటికి నలభై ఏళ్ళవాడు. లెక్కలంటే ప్రాణం, పిల్లలంటే ఇంకా ప్రాణం, పళ్ళంటే చెప్పనక్కర్లేదు. స్వభావం చేత నవ్వుమొహం మనిషి. నవ్వడం మొదలుపెడితే ఎక్కిళ్ళు వచ్చేదాకా ఆగేవాడు కాదు. పెళ్ళిళ్ళలో వడ్డన బాధ్యత అతనికి అప్పగిస్తే బంతి కదలడానికి గంట పట్టేది. ప్రతివాడి దగ్గరా ఆగి, కబుర్లు చెప్పి, మారు వడ్డించి, చివరికి వాళ్ళ పక్కనే ఆకు వేసుకుని కూర్చునేవాడు. అటువంటి మనిషి ఆ ఊళ్ళో ఒక సాయంత్రం ఏదో ప్రవచనం వినడానికి వెళ్ళాడు. సేవ చేసేవాడు ప్రతిఫలం ముట్టకూడదని ఆ పెద్దమనిషి చెప్పాడు. డబ్బొక్కటే ప్రతిఫలం కాదు, దండం పెట్టించుకోవడమూ ప్రతిఫలమే, లోపల కలిగే తృప్తి కూడా ప్రతిఫలమే, దాన్ని సైతం వదులుకున్నవాడిదే అసలైన సేవ అన్నాడు. పరాంకుశం మెత్తని మనిషి. మెత్తని మనుషులకు ఇటువంటి మాటలు చాలా లోతుగా దిగుతాయి. ఇంటికి నడిచి వచ్చేలోగా అతను ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

ఆ ఊళ్ళో బ్యాంకు వెనకాల రైలుగేటు దాటితే రెల్లి అనే దళిత కులంవాళ్ళ వీధి ఉంది. అక్కడి మగవాళ్ళు చాలామంది మునిసిపాలిటీలో ఊడ్చే పని చేస్తారు. ఆడవాళ్ళు పళ్ళ గంపలు నెత్తిన పెట్టుకుని బజారుకు వెళ్తారు. పిల్లలు చురుకైనవాళ్ళే గాని, పదో తరగతికి వచ్చేసరికి లెక్కల దగ్గర ఆగిపోయి, పరీక్ష తప్పి, చీపురో గంపో పట్టుకుంటున్నారు. పరాంకుశం వెళ్ళి వీధి పెద్దలతో మాట్లాడాడు. బ్యాంకు అయ్యాక రోజూ వచ్చి ఉచితంగా లెక్కలు చెబుతానన్నాడు. వాళ్ళు సంతోషించారు. రేకుల కప్పు వేసిన సామాజిక భవనం కడిగి, సున్నం కొట్టి, ఒక బల్ల వేసి ఇచ్చారు. మొదటి రోజు ఒక దండ, చల్లని సోడా తెచ్చి ముందు పెట్టారు. పరాంకుశం రెండింటినీ పక్కకు జరిపి, “ఏమీ వద్దండీ. మీ దగ్గర నేను ఏదీ తీసుకోను,” అన్నాడు. వ్రతం పట్టినవాడి గొంతులో ఉండే బింకంతో అన్నాడు. మర్యాదస్తుడు కాబోలు, మొహమాటపడుతున్నాడని వాళ్ళు అనుకున్నారు.

పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాడు. అతను చెబితే భిన్నాలు అరటి గెలలోంచి అత్తాలు విడిపోయినంత సులువుగా విడిపోయేవి. పిల్లలు కిక్కిరిసి కూర్చునేవారు. కానీ అతను తన నియమాల్లో తాను ఉండేవాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తప్ప తాగేవాడు కాదు. పాఠం అయిన మరుక్షణం లేచి, ఎవరి మొహమూ చూడకుండా రైలుగేటు వైపు నడిచేవాడు. పిల్లలు నవ్వితే కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఒక రోజు ఒక కుర్రాణ్ణి నిలబెట్టి, “ఎక్స్ విలువ ఎంతరా?” అని అడిగితే, వాడు బుర్ర గోక్కుని, “మాయమ్మ ఇంకా బజారు నుంచి రానేదండి, ఇయ్యాల ఎంత పలికిందో తెల్దు,” అన్నాడు. గది గదంతా విరగబడి నవ్వింది. పరాంకుశం పెదవి కొరుక్కుని గబుక్కున బోర్డు వైపు తిరిగిపోయాడు. వెనకనుంచి అతని భుజాలు అదరడం మాత్రమే పిల్లలకు కనిపించింది. సారుకి ఎంత కోపమొచ్చిందో అని వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని గప్‌చిప్‌గా కూర్చున్నారు.

ఆ వీధిలో అప్పలనరసమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె మనవరాలు పైడితల్లి పదో తరగతి. తల్లి లేని పిల్ల. తండ్రి వేగుజామున చీపురు పట్టుకుని వెళ్తే పొద్దు వాలేదాకా రాడు కనుక పెంపకమంతా మామ్మదే. పైడితల్లి లెక్కల్లో గట్టిది. బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేసరికి జవాబు చెప్పేసేది. మనవరాలు ఇంటికి వచ్చి మేస్టారు గురించి గొప్పగా చెబుతుంటే విని, అప్పలనరసమ్మ ఒక సాయంత్రం గంపలో మిగిలిన వాటిలోంచి కాకుండా, పొద్దున్నే విడిగా తీసి దాచిన జామపండు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఇంద బాబూ, ఒక పండు తినండి. సెప్పీ సెప్పీ గొంతెండిపోయుంటాది.”

“వద్దమ్మా. నేను తీసుకోను.”

ఆమె మర్నాడు అనాసపండు ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లి తెచ్చింది. అతను వద్దన్నాడు. సపోటాలు తెచ్చింది. వద్దన్నాడు. ఈలోగా సీతాఫలాల కాలం వచ్చింది. పార్వతీపురం కొండల్లోంచి దిగే కాయలు అవి, కళ్ళు విచ్చుకుని, గంపలో ఉండగానే వాసన వేస్తాయి. పరాంకుశానికి లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన పండు అది. అప్పలనరసమ్మ బాగా పండినదాన్ని ఎంచి, రెండుగా విప్పి, ఆకులో పెట్టి తెచ్చింది. అతను ఆ తెల్లని గుజ్జు వైపు ఒక్కసారి చూశాడు. నోరూరింది. కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం రైలుగేటు దాటుతుంటే అతనికి పెద్ద విజయం సాధించినట్టనిపించింది. ఇంద్రియాలు లొంగాయనుకున్నాడు. ఆకు పట్టుకుని వెనక్కి నడిచిన ముసలామె మొహం ఎలా ఉందో అతను చూడలేదు.

వీధిలో మాత్రం అందరూ చూశారు. తమ చేత వీధులు ఊడ్పించుకుని, చిల్లర మాత్రం పైనుంచి జారవిడిచే మనుషులను వాళ్ళు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. గంపలోని పండు కొనుక్కుని, ఇంటికెళ్ళి పసుపు నీళ్ళతో కడుక్కునేవాళ్ళెవరో వాళ్ళకు తెలుసు. సొంత నీళ్ళ సీసా, పక్కకు జరిపిన సోడా, కళ్ళు మూసుకుని వద్దన్న సీతాఫలం, వీటన్నిటికీ కలిపి అర్థం తెలుసుకోవడానికి వాళ్ళకు ఎవరి ప్రవచనమూ అక్కర్లేకపోయింది. ఎవరూ తగువు పెట్టుకోలేదు. “మంచోడే. గానీ మన సేతిది ముట్టుకోడు,” అనుకున్నారు. ఆ తర్వాత నెమ్మదిగా పిల్లలు తగ్గారు. ఒకడికి జ్వరం, ఒకతెకు తమ్ముణ్ణి ఎత్తుకునే పని, ఒకడికి ఊరికి ప్రయాణం. పరాంకుశం ఎందుకని అడగలేదు. ఎంతమంది వస్తే ఏమిటి, ఫలితం మీద మనసు పెట్టకూడదు కదా అనుకున్నాడు. పిల్లలు తగ్గినకొద్దీ తన నిర్లిప్తత పెరుగుతోందని లోలోపల కొంచెం సంబరపడ్డాడు కూడా.

“ఇక్కడే నాకు అతని మీద కోపం వచ్చేది,” అన్నారు కూర్మనాథం గారు మధ్యలో. “పిల్లలు రాకపోతే బాధపడని మేస్టారుకి వ్రతమెందుకు, ఏం చేసుకోవడానికి?” మళ్ళీ శాంతించి కథలోకి వచ్చారు.

సంక్రాంతి వెళ్ళిన కొత్తలో, చలి ఇంకా విడవని ఒక సాయంత్రం పరాంకుశం వచ్చేసరికి గదిలో పైడితల్లి ఒక్కతే ఉంది. కూర్చోలేదు. పుస్తకం, పెన్ను ఏమీ తేలేదు. గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“రేపట్నుంచి నేను రాను సార్. సెప్పి ఎల్దామని వచ్చాను.”

“అదేమిటమ్మా? పరీక్షలు ముందు పెట్టుకునా?”

“పరీక్ష రాయను. మామ్మ గంపెత్తుకోమంది. రేపు బజారుకు తీసుకెల్తాది.”

అంతమందిలో ఆ ఒక్క పిల్ల తప్పకుండా గట్టెక్కుతుందని అతను అనుకుంటున్నాడు. ఫలితం మీద మనసు లేదనుకున్నవాడికి ఆ క్షణంలో మనసంతా అక్కడే ఉందని తెలిసింది. ఎందుకు, ఏమిటి అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆ పిల్ల బల్ల మీదున్న నీళ్ళ సీసా వైపు చూస్తూ, “మనింట్లో నీళ్ళు తాగనోడి కాడ సదువెందుకే అంది,” అని చెప్పింది. అతను కంగారుపడి, అది కాదమ్మా, నేనొక నియమం పెట్టుకున్నాను, ఎవరి దగ్గరా ఏదీ తీసుకోకూడదని, మా సొంత అన్నయ్య ఇంట్లోనైనా అంతే అని ఏవేవో చెప్పుకొచ్చాడు. పైడితల్లి శ్రద్ధగానే వింది. పెంకితనం ఉన్న పిల్ల కాదు.

“అందరూ ఏదో ఒకటి సెప్తారు సార్,” అంది. దండం పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పరాంకుశం బ్యాంకుకు సెలవు పెట్టి బజారుకు వెళ్ళాడు. కూరగాయల వరసకు చివర అప్పలనరసమ్మ గంప దించుకుని కూర్చుంది. పక్కన పైడితల్లి రేగుపళ్ళు వాటాలు వేస్తోంది. అతను నిలబడే తన నియమం సంగతంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఫలం ఆశించకుండా పని చేయాలని ఒక పెద్దాయన చెప్పాడనీ, అందుకే ముట్టుకోలేదనీ, అంతకుమించి తన మనసులో ఏమీ లేదనీ చెప్పాడు. అప్పలనరసమ్మ తలెత్తలేదు.

“పళ్ళమ్ముకునే దాని కాడికి వొచ్చి ఫలం వొద్దంటే నానేటి సెయ్యాల బాబూ?” అంది. “బేరం వేళ. జరగండి.”

అతనికి ఏం చేయాలో తోచలేదు. జేబులోంచి డబ్బు తీసి ఒక జామపండు ఇమ్మన్నాడు. ఆమె ధర చెప్పి, పండు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి చేతిలో పోసింది. అతను అందరూ చూస్తుండగా అక్కడే నిలబడి, కడగకుండా, తుడవకుండా, గింజలతో సహా పండంతా నమిలి మింగాడు. తిన్నాక ఆమె వైపు ఆశగా చూశాడు. అప్పలనరసమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

“కొనుక్కున్నారు, తిన్నారు. కొనుక్కున్నది ఎవులైనా తింటారు,” అంది. పక్కనున్న ఇంకొకరికి తూకం వేయడం మొదలుపెట్టింది.

ఆ మాట పట్టుకుని పరాంకుశం ఊరంతా తిరిగాడట. రైలుగేటు దగ్గర గేటు తీసి ఉన్నా దాటకుండా నిలబడ్డాడట. తను ఇప్పటిదాకా ఇచ్చాడు, కొన్నాడు, వద్దన్నాడు. అడగడం ఒక్కటే చేయలేదు. అసలు చిన్నప్పటి నుంచీ ఎవరినీ ఏమీ అడిగిన గుర్తు లేదు. అడగవలసిన అవసరమే అతనికి రాలేదు. ఇప్పుడు అడగాలంటే భయం వేసింది. పెట్టకపోతే? నవ్వితే? పొమ్మంటే? పెట్టిన చేతిని వద్దన్నప్పుడు ఆ ముసలామెకు ఎలా ఉండి ఉంటుందో అతనికి అక్కడ నిలబడే అర్థమైంది.

సాయంత్రం రోజూ వెళ్ళే వేళకే వెళ్ళాడు. నీళ్ళ సీసా తీసుకెళ్ళలేదు. సామాజిక భవనం వైపు తిరగకుండా, నేరుగా వీధిలోపలికి నడిచి అప్పలనరసమ్మ ఇంటి ముందు ఆగాడు. బజారు నుంచి వచ్చి ఆమె గుమ్మంలో కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది. పైడితల్లి లోపల గంప కడుగుతోంది. వీధిలో వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి చూస్తున్నారు.

“అప్పలనరసమ్మ గారూ, ఎండన పడి తిరిగాను,” అన్నాడు. “దాహంగా ఉంది. కొంచెం మంచినీళ్ళు ఇప్పించండి.”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. వెంటనే లేవలేదు. అతను అలాగే నిలబడ్డాడు. చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి, లోపలికి వెళ్ళి, గ్లాసు చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టింది. ఆ తోమడం ఎంతకీ పూర్తి కాలేదు. బయట నిలబడ్డ మనిషికి ఇత్తడి గ్లాసు మీద వేళ్ళు రుద్దుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎట్టకేలకు కుండలో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకుని గడగడా తాగేశాడు. గ్లాసు తిరిగి ఇస్తూ, “ఇంకో గ్లాసు,” అన్నాడు.

ఆమె పెదవుల కొసన ఏదో కదిలింది. “ఆకలి కూడా ఏస్తందా?”

“వేస్తోంది.”

నిజంగానే వేస్తోంది. ఒక జామపండు తప్ప పొద్దున్న నుంచి అతను ఏమీ తినలేదు. అప్పలనరసమ్మ కాస్త ఇబ్బందిపడింది. ఇంట్లో ఎండుచేపల పులుసు ఉంది, నీచు ముట్టని మనిషి కనుక అది అతను తినడని ఆమెకు తెలుసు. వెతికి వెతికి, రాగిపిండితో కాచిన చోడి అంబలి ఒక పెద్ద గిన్నెడు పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి, పచ్చిమిరపకాయ, ఆవకాయ ముక్క పెట్టి తెచ్చింది. “కూకోండి,” అని గోనెపట్టా దులిపి అరుగు మీద పరిచింది. అతను దాని మీదే కూర్చున్నాడు. అప్పటికి వీధిలో పిల్లలంతా చుట్టూ చేరారు. జ్వరం వచ్చినవాడూ ఉన్నాడు, ఊరికి వెళ్ళినవాడూ ఉన్నాడు. పరాంకుశం అంబలి తాగాడు, ఉల్లిపాయ కొరికాడు, పచ్చిమిరపకాయ కొరికాడు. ఆ మిరపకాయ సంగతి అతనికి తెలియదు. పైడితల్లి పెరట్లో కాసిన గుంటూరు జాతిది. చెవుల్లోంచి పొగలొచ్చాయి. ముక్కూ కళ్ళూ ధారలు కట్టాయి. గిన్నె వదలకుండా అలాగే కూర్చుని అతను ఊపిరి పీలుస్తుంటే, అప్పట్లో బుర్ర గోక్కున్న కుర్రాడు ముందుకు వచ్చి, “సారూ, ఇప్పుడు సెప్పండి, ఎక్స్ విలువెంత?” అన్నాడు.

పరాంకుశానికి నవ్వొచ్చింది. ఎన్ని నెలల నుంచో లోపల అణిచిపెట్టిన నవ్వంతా ఒక్కసారిగా బయటపడింది. నోట్లో అంబలి చొక్కా మీద పడింది. నవ్వు ఎక్కిళ్ళలోకి దిగింది, ఎక్కిళ్ళు తగ్గకుండానే మళ్ళీ నవ్వొచ్చింది. సారు ఇలా నవ్వుతారని ఆ పిల్లలకు ఇదే మొదటిసారి తెలియడం. ముందు బిత్తరపోయారు, తర్వాత వాళ్ళూ మొదలుపెట్టారు. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతని వీపు మీద అరచేత్తో నాలుగు చరుపులు చరిచింది. “మెల్లిగ తాగండి నాయనా, ఎవులూ లాక్కోరు,” అంది.

గిన్నె ఖాళీ అయ్యాక అతను చెయ్యి కడుక్కుని, లేవాలో వద్దో తెలియక అటూ ఇటూ చూశాడు. “పాఠం చెప్పమంటారా?” అని ముసలామెనే అడిగాడు.

“తిని ఊరికే పోతారేటి మరి? సెప్పండి,” అందామె. లోపలికి తిరిగి, “ఒసే పైడీ, గంప కడిగింది సాలు, పుస్తకం తీసుకురా,” అని కేకేసింది.

ఆ సాయంత్రం పాఠం అరుగు మీదే జరిగింది. మర్నాటికి సామాజిక భవనం మళ్ళీ కిక్కిరిసింది. ఇక కొత్త చిక్కులు మొదలయ్యాయి. అప్పలనరసమ్మ ఇంట్లో తిన్న మేస్టారు మా ఇంట్లో ఎందుకు తినడని ఎదురింటివాళ్ళు అడిగారు. ఒకరింట్లో ఉలవచారు, ఒకరింట్లో చిలగడదుంపలు, ఒకరింట్లో టీ, దాని పక్కింట్లో మళ్ళీ టీ. ఎవరింటికి ముందు వెళ్ళాలన్న దాని మీద ఆడవాళ్ళ మధ్య తగువులు వచ్చి, వీధి పెద్దలు వంతులు వేయవలసి వచ్చింది. పరాంకుశం చొక్కాలు బిగుతైపోయి కొత్తవి కుట్టించుకున్నాడు. పాఠం చెప్పే తీరు కూడా మారిపోయింది. ఎవరింట్లో ఏ పని ఉందో, ఏ పిల్లకు ఏ వేళ తీరుబడి ఉంటుందో తినేటప్పుడు మాటల్లో తెలిసేది కనుక, దానికి తగినట్టు చెప్పేవాడు. రానివాణ్ణి ఇంటికి వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. చెవి పట్టుకునే చనువు అతనికి ఇప్పుడు ఉంది. వాళ్ళమ్మలే వెనకనుంచి, “ఇంకా గట్టిగా పట్టండి మేస్టారూ,” అనేవారు.

పైడితల్లి మార్చిలో పరీక్ష రాసింది. లెక్కల్లో స్కూలు మొత్తానికి ముందు నిలిచింది. పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. మిగతావాళ్ళలో చాలామంది గట్టెక్కారు, కొందరు గట్టెక్కలేదు, ఆ గట్టెక్కనివాళ్ళను పట్టుకుని పరాంకుశం ఎండాకాలమంతా మళ్ళీ మొదలుపెట్టాడు. ఫలితాలు వచ్చిన రోజు అప్పలనరసమ్మ బజారులో గంప ముందు కూర్చుని, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ మనవరాలి సంగతి చెప్పింది. “మాయింట్లో అంబలి తాగే మేస్టారు సెప్పిన సదువు, రాక ఏటవుద్ది?” అంది. ఆ రోజు ఆమె బేరం మీద దృష్టి పెట్టలేదని, తూకం ఎవరికి ఎంత ఎక్కువ వేసిందో ఆమెకే తెలియదని చెప్పుకున్నారు.

కూర్మనాథం గారు అక్కడ ఆగారు. కథ అయిపోయిందనుకుని మాలో ఒకరిద్దరు కదిలారు. ఆయన మళ్ళీ అందుకున్నారు. “తర్వాత ఎప్పుడో పరాంకుశం నన్ను చూడడానికి వచ్చాడు. చాలా గంభీరంగా కూర్చుని, ‘నా వ్రతం భంగమైనట్టేనా? మీరేమంటారు?’ అని అడిగాడు. ముందు అంబలి ఎలా ఉందో చెప్పమన్నాను. మొదలుపెట్టాడు. చోడిపిండి పులియబెట్టడం దగ్గర్నుంచి ఆవకాయ ముక్క దాకా, ముసలామె గ్లాసు తోమిన చప్పుడుతో సహా చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు, కాస్త కళ్ళు తుడుచుకున్నాడు. పొద్దుపోయిందని లేచి వెళ్ళిపోయాడు. తను అడిగిన ప్రశ్న అతనికి గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు.”

మేమంతా నవ్వాం. హైమవతి కూడా నవ్వింది గాని, ఆమె మనసు ఇంకా కుదుటపడలేదు. మెల్లగా అంది:

“అతను ఏదీ తీసుకోలేదు గనుక చిక్కు వచ్చింది. నాది అది కాదు గురువుగారూ. ఆ పిల్లల దగ్గర్నుంచి నేను ఎంతెంతో తెచ్చేసుకుంటున్నాను. అదీ నా బాధ.”

కూర్మనాథం గారు ఆమె వైపు తిరిగి కూర్చున్నారు.

“నువ్వు తెచ్చేసుకోవడం ఏమిటమ్మా? వాళ్ళు ఇస్తున్నారు,” అన్నారు. “ఇవ్వనీ.”